గీతకు గీత కలిపే చేయి



పావగడ తాలూకాలో ఉత్తర పినాకిని ఒడ్డున ఉన్న నాగలమడిక మా ఊరు. కుక్కెలో ఆది సుబ్రహ్మణ్యుడు, ఘాటిలో మధ్య సుబ్రహ్మణ్యుడు, నాగలమడికలో అంత్య సుబ్రహ్మణ్యుడు అని మా ప్రాంతంలో పెద్దలు చెప్పుకుంటారు. పుష్యమాసంలో షష్ఠికి తేరు లాగుతారు. తేరుతోపాటే పశువుల సంత కూడా కూడుతుంది. నా చిన్నతనంలో పెద్దవాళ్ళు ఎద్దుల పళ్ళు చూసి బేరాలాడుతుంటే, మేం పిల్లలం బొరుగుల అంగళ్ళ దగ్గరా, గాజుల అంగళ్ళ దగ్గరా, గోనెపట్టా మీద పెన్నులు పరిచి అమ్మేవాళ్ళ దగ్గరా తిరుగుతుండేవాళ్ళం.

ఒక ఏడు ఆ సంతలో మా జేజినాయన నాకొక ఇంకు పెన్ను కొనిచ్చాడు. ఆకుపచ్చ మీద నల్లని నిలువు గీతలు. మూత బిగిస్తే మూత మీది గీతా, కింద గొట్టం మీది గీతా కలిసిపోయి, పైనుంచి కిందిదాకా ఒకే గీతలా కనిపించేది. నేను ఆరు నెలలు తిరక్కుండానే ఏటి ఇసుకలో ఆడుకుంటూ ఆ మూత పోగొట్టాను. పావగడలో ఒక అంగడికి తీసుకుపోతే, ఆ అంగడాయన డబ్బా నిండా ఉన్న పాత మూతల్లో వెతికి, అదే రంగుది ఒకటి తీసి బిగించి ఇచ్చాడు. మర పట్టింది. పెన్ను మునుపటిలాగే రాసింది. కానీ గీతలు మాత్రం కలవలేదు. మూత మీది నల్లగీత కిందికి దిగివచ్చి, గొట్టం మీది ఆకుపచ్చ దగ్గర ఆగిపోయేది.

జేజినాయన దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మూత పట్టింది గానీ నాయనా, జత కుదర్లేదు" అన్నాడు.

"రాసేది బాగానే రాస్తాంది కదా జేజినాయనా" అన్నాను.

"రాసేదానికేం, రాస్తాది. ఆ గొట్టంతో పాటు ఒక కడ్డీలో పుట్టిన మూత కాదది, అంతే" అన్నాడు.

ఒక కడ్డీలో పుట్టడం అంటే ఏమిటో అప్పుడు నాకు అర్థం కాలేదు. చాలా ఏళ్ళ తరువాత లేత్ మీద పెన్ను తయారవుతుంటే దగ్గర నిలబడి చూసినప్పుడు ఆ మాట గుర్తుకొచ్చింది. చేతితో చేసే కలంలో మూత గీతను గొట్టం గీతతో కలపడం చిన్న సంగతిలా కనిపిస్తుంది. కానీ దాని వెనుక నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మన తెలుగువారి పాత్ర కూడా ఉంది. ఈనాటి ప్రసంగంలో ఆ సంగతులు ముచ్చటించుకుందాం.

గీత కలపడమనే పని మనకు కొత్తది కాదు. చారల చొక్కా కుట్టే దర్జీ జేబు మీది చార చొక్కా చారతో కలిసేటట్టు జేబుగుడ్డ కత్తిరిస్తాడు. అలా కత్తిరించాలంటే గుడ్డ కొంచెం ఎక్కువే ఖర్చవుతుంది. పోచంపల్లి నేతపనివాళ్ళు నూలును ముందే కట్లు కట్టి రంగులో ముంచుతారు. ఆ తరువాత మగ్గం మీద పోగు పోగునూ సరిచూసుకుంటూ నేస్తేనే బొమ్మ తేరుతుంది. అయితే చొక్కా జేబు ఒకసారి కుడితే కదలదు. చీర నేశాక పడుగూ పేకా కదలవు. కలం అట్లా కాదు. దాని మూత రోజుకు పదిసార్లు ఊడుతుంది, పదిసార్లు బిగుస్తుంది. తిరిగి తిరిగి ఆగే వస్తువు ప్రతిసారీ ఒకేచోట ఆగాలి. కలం పనిలో కష్టమంతా అక్కడే ఉంది.

ముందుగా, కలం ఒంటి మీదికి ఈ గీతలు ఎట్లా వచ్చాయో చూద్దాం.

1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే ఆయన రబ్బరును గంధకంతో కలిపి కాస్తే అది ఎండకు జిగురు కాకుండా, చలికి పెళుసు కాకుండా నిలుస్తుందని కనిపెట్టాడు. గంధకం కొద్దిగా కలిపితే మెత్తని రబ్బరు వస్తుంది. అదే గంధకం నూటికి ముప్పై పాళ్ళ దాకా కలిపి ఎక్కువసేపు కాస్తే కొయ్యలాగా గట్టిపడుతుంది. ఈ గట్టి రబ్బరుకు ఆయన సోదరుడు నెల్సన్ గుడ్‌ఇయర్ 1851లో పేటెంటు పొందాడు. నల్లచేవ కర్రను ఇంగ్లీషులో ఎబొనీ అంటారు. దానిలా నల్లగా మెరుస్తుంది కాబట్టి ఈ గట్టి రబ్బరుకు ఎబొనైట్ అని పేరు వచ్చింది.

1884లో న్యూయార్కులో లూయిస్ వాటర్‌మన్ తన ఫౌంటెన్ పెన్నుకు పేటెంటు తీసుకున్నాడు. పాళీ కింద ఉండే నాలుకలో సన్నని గాళ్ళు కోసి, సిరా కిందికి దిగుతుంటే గాలి పైకి పోయే ఏర్పాటు చేశాడు. ఆ తరం కలాలన్నీ దాదాపు ఎబొనైట్‌వే. సిరాకు ఎబొనైట్ చెడదు, చేతికి చల్లగా తగలదు, ఉలికి చక్కగా లొంగుతుంది. దానికున్న లోపమల్లా ఎండ తగిలితే నలుపు వెలిసి గోధుమరంగుకు తిరగడం.

నల్లని ఎబొనైట్‌తో కలం చేసినన్ని రోజులూ మూతకూ గొట్టానికీ జత కుదరడమనే మాటే లేదు. నలుపు పక్కన నలుపు పెడితే ఎవరు తేడా కనిపెడతారు? ఇబ్బంది రంగులతో మొదలైంది. ఎర్ర రబ్బరు పిండినీ, నల్ల రబ్బరు పిండినీ పొరలుగా వేసి, చుట్టి, ఒత్తి, ఆ తరువాత కాస్తే కొయ్య ఈనెల వంటి మెలికలు ఏర్పడతాయి. 1920లలో వాటర్‌మన్ కంపెనీ ఎరుపూ నలుపూ అలలు అలలుగా తేలే కలాలు అమ్మింది. 1924లో షీఫర్ కంపెనీ, 1926లో పార్కర్ కంపెనీ ఎబొనైట్‌ను వదిలి సెల్యులాయిడ్‌కు మారాయి. సెల్యులాయిడ్ అంటే పాతకాలపు సినిమా రీళ్ళ పదార్థమే. 1870లో జాన్ వెస్లీ హయత్ దానికి పేటెంటు తీసుకున్నాడు. త్వరగా నిప్పు అంటుకుంటుందనే భయం ఉన్నా, దానిలో రాని రంగంటూ లేదు. పాలరాతి మచ్చలు, ముత్యపు మెరుపులు, నిలువు చారలు, అడ్డ వలయాలు అన్నీ వచ్చాయి. 1933లో పార్కర్ వారి వాక్యుమాటిక్ కలం ఒకదాని మీద ఒకటి పేర్చిన గాజుల దొంతరలా వచ్చింది.

ఈ రంగులతో పాటే కార్ఖానాలకు ఒక చిక్కు వచ్చిపడింది. పెద్ద కార్ఖానాలో మూతలు ఒక బల్ల మీద, గొట్టాలు మరొక బల్ల మీద తయారవుతాయి. ఏ మూత ఏ గొట్టానికైనా పట్టాలి. యంత్రయుగానికి పునాది ఈ సూత్రమే. దానివల్లే ధర తగ్గింది, పాడైన భాగం మార్చుకోవడం సులువైంది. నా పెన్నుకు పావగడలో మూత దొరికిందంటే అది ఆ సూత్రం పుణ్యమే. కానీ ఏ మూత అయినా పట్టే చోట గీతకు గీత కలవడం అదృష్టం మీద ఆధారపడుతుంది. మూత అంచు పగలకుండా కంపెనీలు లోహపు పట్టీ చుట్టేవి. ఆ పట్టీకి ఇంకొక లాభం కూడా ఉంది. కన్ను పట్టీ దగ్గర ఆగుతుంది కాబట్టి, గీత తప్పినా తప్పినట్టు తెలియదు. 1941లో వచ్చిన పార్కర్ 51 కలానికి గొట్టం ఒకే రంగు. మూత ఎక్కువగా లోహంతో చేసినది. అంతటితో జత కుదరడం అనే మాటే అక్కరలేకుండా పోయింది. చిక్కును విప్పకుండానే పక్కకు తప్పుకున్నారన్నమాట.

ఇక మన దేశానికి, మన గోదావరి తీరానికి వద్దాం.

స్వదేశీ ఉద్యమం 1905లో వంగదేశంలో మొదలైంది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యసించారు. ఆ ఉత్సాహంలో వందేమాతరం అన్నందుకు అక్కడి కళాశాల విద్యార్థులు శిక్షలు అనుభవించారు. మన రాయలసీమ బిడ్డ గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు అట్లా కళాశాల నుంచి వెళ్ళగొట్టబడినవారే. విదేశీ బట్టలు వదిలిపెట్టడం అందరికీ తెలిసిన కథ. కానీ చదువుకున్నవాడి జేబులో ఉన్న కలం మాటేమిటి? స్వరాజ్యం కావాలని అర్జీ రాసేది కూడా విదేశీ కలంతోనే కదా!

ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవారిలో రాజమండ్రికి చెందిన కోసూరి వెంకటరత్నంగారు ముఖ్యులు. 1921లో ఆయన గాంధీజీని కలిశారనీ, సామాన్యులకు నిత్యం పనికివచ్చే స్వదేశీ వస్తువు ఏదైనా చేయమని గాంధీజీ సలహా ఇచ్చారనీ ఆయన కథ చెప్పేవారంతా చెబుతారు. ఆ మాట పట్టుకుని ఆయన 1932లో రాజమండ్రిలో కలాల తయారీ మొదలుపెట్టారు. మొదట పంపిన కలంలో విదేశీ భాగం ఉందని గాంధీజీ సమ్మతించలేదని కూడా చెప్పుకుంటారు. 1934 డిసెంబరులో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం ఏర్పడింది. దాని బాధ్యతలు చూసిన జె.సి. కుమారప్పగారి ద్వారా రత్నంగారి కలం గాంధీజీకి చేరింది. 1935 జూలై 16న గాంధీజీ రత్నంగారికి ఉత్తరం రాశారు. కలాన్ని తాను వాడి చూశాననీ, బజారులో కనిపించే విదేశీ కలాలకు అది మంచి ప్రత్యామ్నాయంగా తోస్తున్నదనీ ఆ ఉత్తరం సారాంశం.

ఆ ఉత్తరంలో ఒక సంగతి గమనించండి. గాంధీజీ కలం అందాన్ని మెచ్చుకోలేదు. వాడి చూశానన్నారు. కలానికి మొదటి పరీక్ష అదే. సిరా కక్కే కలానికి గీతలు ఎంత చక్కగా కలిసినా ప్రయోజనం లేదు. గీత కలపడం గురించి మాట్లాడేటప్పుడు ఈ మాట మరిచిపోకూడదు.

అయినా, విదేశీ భాగం ఉన్నందుకు కలాన్ని వద్దన్న పట్టుదలకూ, మా జేజినాయన మాటకూ ఏదో చుట్టరికం ఉందని నాకు అనిపిస్తుంది. మూత ఒకచోటిది, పాళీ మరొకచోటిది, పేరు మాత్రం మనది అంటే అది జత కుదరని కలమే. భాగాలన్నీ ఒకే నేల మీద పుట్టాలని ఉద్యమం కోరింది. మూత, గొట్టం ఒకే కడ్డీలో పుట్టాలని చేతిపనివాడు కోరుకుంటాడు.

రాజమండ్రిలో ఆ తరువాత ఇతరులు కూడా ఈ పనిలోకి వచ్చారు. 1946లో మొదలైన గైడర్ కలాలు కూడా ఆ ఊరివే. మద్రాసులో జెమ్ కంపెనీ వారి గామా కలాలకు పేరు వచ్చింది. హైదరాబాదులో దక్కన్ పెన్ స్టోర్స్ కలాల ప్రియులకు చిరకాలంగా తెలిసిన చోటు. నల్ల ఎబొనైట్‌తో పాటు ఆకుపచ్చ, గోధుమ, ఎరుపు మెలికలున్న ఎబొనైట్ కడ్డీలతోనూ దక్షిణదేశంలో కలాలు చేశారు, ఇప్పటికీ చేస్తున్నారు. మెలికల కడ్డీ చేతికి వచ్చిందంటే జత కుదర్చడమనే పని కూడా దాని వెంటే వచ్చినట్టు.

ఆ పని ఎట్లా జరుగుతుందో ఇప్పుడు వివరంగా చెబుతాను.

బొటనవేలంత లావు కడ్డీ ఒకటి తీసుకున్నారనుకోండి. పనివాడు దాన్ని వెంటనే లేత్‌కు ఎక్కించడు. వెలుతురులో పెట్టి చుట్టూ తిప్పి చూస్తాడు. ఏ వైపు మెలిక అందంగా ఉందో ఆ వైపు మూత మీది క్లిప్పుకు ఇరుపక్కలా రావాలి. తరువాత కడ్డీ పొడుగునా ఒక గుర్తు గీస్తాడు. అయితే కడ్డీ ఒంటి మీద గీసిన గుర్తు ఎంతోసేపు నిలవదు. లేత్ మీద ఉలి తగలగానే పొట్టుతో పాటు రాలిపోతుంది. అందుకని కడ్డీ రెండు చివరల మొహాల మీద కూడా గుర్తు పెట్టుకుంటాడు. రెండు ముక్కలుగా కోశాక, కోసిన మొహాల మీద కూడా గుర్తు పెడతాడు. ఏది పైకి, ఏది కిందికి అనేది బాణం గుర్తుతో చూపిస్తాడు. కొత్తగా నేర్చుకునేవాడు చేసే మొదటి తప్పు ఇక్కడే జరుగుతుంది. కోసిన ముక్కల్లో ఒకదాన్ని తెలియకుండా తలకిందులు చేస్తాడు. ఇక ఆ మెలికలు కలవమన్నా కలవవు.

రెండో చిక్కు కోతది. రంపం కోసినచోట రెండు మిల్లీమీటర్లో అంతకు కొంచెం తక్కువో పొడిగా పోతుంది. ఆ మేరకు మెలికలో ఒక ముక్క తప్పిపోతుంది. కోత ఎంత సన్నగా ఉంటే అంత మేలు. దీనికంటే పెద్ద నష్టం మరల దగ్గర జరుగుతుంది. గొట్టం పై భాగాన్ని సన్నగా చెక్కి, దాని మీద మర కోస్తారు. మూత బిగించినప్పుడు ఆ భాగం మూతలోపలికి పోయి కనిపించకుండా పోతుంది. అంటే దాదాపు వేలి వెడల్పు మేర మెలిక దాక్కుంటుంది. ఆ పైన ఉన్న మూత మెలిక, కింద ఉన్న గొట్టం మెలిక ఒకదానికొకటి దూరపు చుట్టాలవుతాయి. దీనికి ఒక ఉపాయం ఉంది. మర కోసే మెడను వేరే ముక్కతో చేసి గొట్టంలో అతికిస్తారు. అప్పుడు మూతకూ గొట్టానికీ మధ్య కడ్డీలో పోయేది రంపపు పొడి ఒక్కటే.

మూడో చిక్కు లోతుది. గుమ్మడికాయ మీది చారలు తోలు మీదే ఉంటాయి. పైతోలు తీస్తే చార ఉండదు. ఎబొనైట్ కడ్డీ అట్లా కాదు. మెలిక లోపలికంటా ఉంటుంది. కానీ ప్రతి పొరలోనూ కొద్దికొద్దిగా పక్కకు జరుగుతూ పోతుంది. మూతను లావుగా, గొట్టాన్ని సన్నగా చెక్కితే ఒకదాని మీద పై పొర, మరొకదాని మీద లోపలి పొర కనిపిస్తుంది. అందుకని మూత అంచు, గొట్టం అంచు కలిసేచోట రెండూ ఒకే లావు ఉండేటట్టు చేసిన కలాల్లో జత బాగా కుదురుతుంది. మెట్టు లేని కలం చేతికి సుఖం. దాని మీద జత కుదర్చడం కూడా సులువు.

ఇప్పుడు అసలైన చిక్కుకు వద్దాం. అది మరది.

మూతను తిప్పుతూ పోతే దాని అంచు గొట్టం మీది మెట్టుకు తగిలి ఆగుతుందనుకుందాం. ఆగినప్పుడు మూత గుర్తు, గొట్టం గుర్తు ఎదురెదురుగా ఉండాలి. మర కోసేటప్పుడు అది ఎక్కడ మొదలవుతుందో వెంట్రుకవాసి తేడా లేకుండా ముందే అనుకోవడం కష్టం. కాబట్టి మొదట బిగించి చూస్తారు. గుర్తు కలవడానికి ఇంకా పావు చుట్టు తిరగాల్సి ఉందనుకోండి. మర ఒక చుట్టుకు 0.8 మిల్లీమీటర్ల చొప్పున ముందుకు పోయేదైతే, పావు చుట్టుకు 0.2 మిల్లీమీటర్లు. మూత అంచును అంత మేర చెక్కితే మూత సరిగ్గా పావు చుట్టు ఎక్కువ తిరుగుతుంది. గీత గీతతో కలుస్తుంది. లెక్క ఇంతే. కానీ చెక్కినదాన్ని తిరిగి అతికించలేం. చేయి జారి 0.3 చెక్కితే గీత దాటిపోతుంది. అప్పుడు మళ్ళీ దాదాపు ఒక పూర్తి చుట్టు మేర, అంటే ఇంకో 0.7 మిల్లీమీటర్లు చెక్కుతూ రావాలి. అందుకని తెలిసినవాడు కొంచెం కొంచెంగా చెక్కుతూ, మధ్యమధ్య బిగించి చూసుకుంటూ పోతాడు.

ఒకే దారి మర అయితే మూత ఊడడానికి చాలా చుట్లు తిప్పాలి. రాసేవాడికి అంత ఓపిక ఉండదు. అందుకని ఒకదాని పక్కన ఒకటిగా మూడు దారులు కోసిన మర వేస్తారు. దానివల్ల ఒక్క చుట్టుకే మూత మూడు రెట్ల దూరం కదులుతుంది. అంటే పై లెక్కలో 0.8 కాస్తా 2.4 మిల్లీమీటర్లవుతుంది. చుట్టూ తిప్పడం తగ్గింది, కానీ ఇంకో మెలిక పడింది. మూత ఎక్కడానికి ఇప్పుడు మూడు దారులున్నాయి. మూడింటిలో ఒక్క దారిలో ఎక్కిస్తేనే గీతలు కలుస్తాయి. మిగిలిన రెండింటిలో మూత బాగానే బిగుస్తుంది గానీ గీతలు మూడోవంతు చుట్టు అవతల ఉంటాయి. చేతితో చేసిన కలం కొన్నవాళ్ళు కొందరు, మొన్న కలిసిన గీత ఇవాళ కలవడం లేదేమని కంగారుపడుతుంటారు. కలంలో లోపం లేదు. వేరే దారిలో ఎక్కించారు, అంతే. క్లిప్పును ఫలానా చోట పెట్టి మొదలుపెడితే కలుస్తుందని వారం రోజుల్లో చేతికే అలవాటవుతుంది.

ఇదంతా అయ్యాక పనివాడు చేసే చివరి పని చూడముచ్చటగా ఉంటుంది. గుర్తులు కలిసిన మూతనూ గొట్టాన్నీ బిగించి, రెండింటినీ ఒకే కడ్డీలాగా లేత్‌కు ఎక్కించి, పైనుంచి కిందిదాకా ఒకే ఉలి పోతగా చెక్కుతాడు. పొట్టు తీగలు తీగలుగా రాలుతుంది. గంధకం వాసన వేస్తుంది. వేడెక్కితే ఎబొనైట్ మెత్తబడి కొలత తప్పుతుంది కాబట్టి మధ్యమధ్య ఆపి చల్లారనిస్తాడు. తరువాత నీటిలో తడిపిన సన్న గరుకుకాగితంతో, ఆ పైన గుడ్డతో మెరుగు పెడతాడు. అప్పుడు మూతకూ గొట్టానికీ మధ్య ఉన్న కీలు కంటికి ఆనదు. గోటితో తడిమితే తెలుస్తుంది.

అన్ని కడ్డీలకూ ఇంత శ్రమ అక్కరలేదు. అడ్డ వలయాల కడ్డీ అయితే మూత ఎటు తిరిగి ఆగినా ఫరవాలేదు. మన చన్నపట్నం లక్కబొమ్మల మీది వలయాల్లాగా అవి ఏ వైపు నుంచి చూసినా ఒకటే. అక్కడ చూసుకోవలసింది వలయానికీ వలయానికీ మధ్య ఎడం. సన్నని చుక్కలున్నదైతే కన్ను తేడా పట్టలేదు. నిలువు చారలదైతే పొడుగులో కొంత పోయినా నష్టం లేదు, చుట్టు తప్పితే మాత్రం వెంటనే దొరికిపోతుంది. పొడుగూ చుట్టూ రెండూ తప్పకూడనిది మెలికల కడ్డీ. పనివాడి చేయి తెలిసేది దానితోనే.

ఇంత శ్రమపడి చేసిన కలం ధర ఎక్కువే ఉంటుంది మరి. మూత చివరి ఘడియలో పగిలిందంటే గొట్టం కూడా వృథా. ఆ గొట్టానికి ఇంకొక మూత లోకంలో ఉండదు. కొన్నవాడికీ అంతే. పదేళ్ళ తరువాత మూత పోతే డబ్బాలో వెతికి తెచ్చుకునే వీలు లేదు. యంత్రం ఇచ్చిన సౌకర్యాన్ని వదులుకుంటేనే ఈ జత దొరుకుతుంది. ఈ నష్టాన్ని దాచి, చేతిపనిని ఊరికే పొగడడం న్యాయం కాదు.

బాల్ పెన్ను వచ్చాక ఈ పని చేసే చేతులు తగ్గిపోయాయి. 1945లో న్యూయార్కు బజారులో బాల్ పెన్నును వింతగా అమ్మారు. కొన్ని దశాబ్దాల్లో అది మన పల్లెటూరి బడిపిల్లల చేతికి కూడా వచ్చింది. సిరా బుడ్డి అక్కరలేదు, చొక్కాకు మరక అంటదు, పోతే బాధ లేదు. తప్పు పట్టవలసిందేమీ లేదు. పేదపిల్లవాడి చేతిలోకి చవకగా కలం రావడం మంచి సంగతే. కానీ ఎబొనైట్ పని చేసే చిన్న చిన్న కొట్లకు గిరాకీ పడిపోయింది. గురువు దగ్గర కూర్చుని నేర్చుకునే కుర్రవాళ్ళు వేరే పనులు వెతుక్కున్నారు. కడ్డీని చూసి మెలిక ఎటు పోతుందో చెప్పగలిగే కన్ను పుస్తకంలో దొరికేది కాదు. ఒక తరం నేర్పకపోతే తరువాతి తరానికి లేనట్టే.

అయితే ఆ దీపం ఆరిపోలేదు. ఈ శతాబ్దం మొదలైనప్పటి నుంచి చేతితో చేసిన ఎబొనైట్ కలాల మీద దేశవిదేశాల్లో మళ్ళీ మక్కువ కలిగింది. 2015లో రాజమహేంద్రవరం అన్న పాత పేరు తిరిగి పొందిన ఆ నగరంలో రత్నం కలాలు ఇప్పటికీ తయారవుతున్నాయి. ఎక్కడో దూరదేశంలో ఉన్నవాళ్ళు కూడా మెలికల కడ్డీ చూపించి, జత కుదరాలని ప్రత్యేకంగా అడిగి చేయించుకుంటున్నారు. ఎదురుగా కూర్చుని చేసేవాడికీ, చేయించుకునేవాడికీ మధ్య జరిగే సంభాషణ అది. ఎంత లావు ఉండాలి, చేతికి ఎట్లా ఆనాలి, క్లిప్పు కావాలా వద్దా, మెలిక ఏ వైపు రావాలి అని అడిగి చేసేది యంత్రం కాదు కదా.

శ్రోతలారా! మా పావగడ తాలూకా చిత్రమైన చోటు. రాజుల కాలంలో అది మైసూరు సంస్థానంలోది. చుట్టూ చాలావరకు మద్రాసు రాష్ట్రపు అనంతపురం జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో భాషారాష్ట్రాలు ఏర్పడ్డాక కూడా మేం మైసూరు రాష్ట్రంలోనే ఉన్నాం. బడిలో కన్నడం రాసేవాళ్ళం, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం, రెండూ ఒకే కలంతో రాసేవాళ్ళం. ఏటికి అవతల ఊళ్ళో మాటా ఇవతల ఊళ్ళో మాటా ఒకటే. రంపం ఎక్కడ కోసినా కడ్డీ ఒకటే అయినప్పుడు గీత ఇటు నుంచి అటు సాగుతూనే ఉంటుందని మా ఊరిని చూసినప్పుడల్లా అనుకుంటాను.

చివరగా ఒక మాట. జత కుదిరిన కలం కూడా ఎల్లకాలం అట్లాగే ఉండదు. ఏళ్ళ తరబడి తిప్పగా తిప్పగా మర అరిగి, మూత వెంట్రుకవాసి ముందుకు జరుగుతుంది. గీత కొంచెం పక్కకు తొలుగుతుంది. వాడిన కలానికి అది వయసు గుర్తు. దాని కోసం బాధపడనక్కరలేదు. మా జేజినాయన పోయాక ఆయన కావడిపెట్టె తెరిస్తే, పాత కాగితాల మధ్య ఆకుపచ్చ మీద నల్లచారల మూత ఒకటి కనిపించింది. ఏటి ఇసుకలో ఎప్పుడో దొరికి ఉంటుంది. నా పెన్ను అప్పటికే ఎక్కడో పోయింది. ఏ కడ్డీలో పుట్టిందో తెలిసిన ఆ మూతను ఆయన పారేయలేదు. నేనూ పారేయలేదు. ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

మీ ఇంట్లో కూడా అట్లాంటి పాత కలం ఏదైనా ఉంటే, ఒకసారి బయటికి తీయండి. మూత బిగించి, గీత ఎక్కడ కలుస్తుందో చూడండి. కలిస్తే, పేరు తెలియని ఒక పనివాడు మీ కోసం 0.2 మిల్లీమీటర్ల దగ్గర చేయి ఆపాడని తెలుసుకోండి. పిల్లలకు కూడా చూపించండి.